పంట చేతికొచ్చే దాకా ఆగే దుకాణం

యాసంగి నాట్లు పడి నెలన్నర గడిచేసరికి నల్లగొండ జిల్లా దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు మెట్ట ప్రాంతాల్లో మోటారు వైండింగు దుకాణాల ముందు ట్రాలీ ఆటోలు వచ్చి ఆగడం మొదలవుతుంది. ఆటోలో గోనెసంచుల మీద పడుకోబెట్టిన సబ్‌మర్సిబుల్ మోటారు, పక్కన చుట్ట చుట్టిన కేబులు, దాని మీద చెయ్యి వేసి కూర్చున్న రైతు. ఆ రైతు నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న 'ఎంతయితది' అని ఉండదు, 'ఎప్పుడిస్తవు' అని ఉంటుంది. పొట్ట మీదున్న వరికి వరుసగా కొన్ని రోజులు నీళ్లు తప్పితే గింజ తాలు పోతుంది. మోటారును బోరు నుంచి పైకి లాగడానికి ఒక పూట, తిరిగి దించడానికి ఇంకో పూట పోగా, దుకాణం చేతిలో మిగిలే గడువు మహా అయితే రెండు రోజులు. ఆ గడువులో పని ముగించి ఇచ్చిన మెకానిక్కు దగ్గరికి మరుసటి ఏడు ఆ ఊరి మోటార్లన్నీ వస్తాయి. ఇవ్వలేనివాడు ఎంత తక్కువకు చేస్తానన్నా ఆ ఊరివాళ్లు మళ్లీ అతని గడప తొక్కరు.

పని కూడా తొందరపడితే అయ్యేది కాదు. మోటారు విప్పి, కాలి నల్లబడ్డ తీగెను స్టేటరు (మోటారులో తిరగకుండా ఉండే భాగం) గాళ్లలోంచి లాగేసి, ఆ గాళ్లను శుభ్రం చేసి, ప్లాస్టిక్ పొర ఉన్న రాగి తీగెను ఒక్కొక్క చుట్టుగా చేత్తో లోపలికి దూర్చాలి. నీళ్లలో మునిగి నడిచే మోటారు కాబట్టి పొర ఎక్కడ కొంచెం గీసుకుపోయినా బోరులోకి దించిన కొద్దిసేపటికే మళ్లీ కాలిపోతుంది. అందుకే పేరున్న మెకానిక్కు చుట్టడం అయిపోయాక మోటారును నీళ్లలో నానబెట్టి, ఇన్సులేషను పరీక్షించి, బుష్షులు, థ్రస్టు బేరింగు చూసి, లోపల శుభ్రమైన నీళ్లు నింపి గానీ అప్పగించడు. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయి మిగిలిన రెండింటి మీద భారం పడి కాలిందా, లేక బోరులో నీళ్లు అడుగంటి ఒట్టిగా తిరిగి కాలిందా అన్నది తీగె కాలిన తీరును బట్టి అనుభవం ఉన్న చేతికి తెలుస్తుంది. మొదటిదైతే స్టార్టరు డబ్బాలో ప్రివెంటరు, అంటే ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే పరికరం, పెట్టుకోమని చెప్పాలి. రెండోదైతే ఎన్నిసార్లు చుట్టించినా డబ్బు దండగేనని, నీళ్లు తగ్గినప్పుడు మోటారును ఆపి ఆపి నడుపుకోమని చెప్పాలి. ఇది తన గిరాకిని తానే తగ్గించుకునే సలహా. అయినా చెప్పేవాళ్లున్నారు, ఆ దుకాణాలే నిలబడ్డాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, భూగర్భజలం తరిగిపోకుండా, కరెంటు రాగానే తమంతట తామే మోటారును నడిపించే ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వం విస్తృతంగా ప్రచారం చేసింది. భూగర్భజలం గురించి సభలో విన్న మాట కంటే, కాలిన తన మోటారును ముందు పెట్టుకుని వైండింగు దుకాణంలో విన్న మాట రైతుకు ఎక్కువ పట్టడంలో వింతేమీ లేదు.

దక్షిణ తెలంగాణ వ్యాపారాల గురించి మాట్లాడేటప్పుడు 'కస్టమర్ సర్వీస్' అన్న మాటకు పెద్ద నగరాల్లో ఉన్న అర్థం చాలదు. అద్దాల తలుపు, ఏసీ గది, నేర్పిన పలకరింపు ఇక్కడి పట్టణాలకూ వచ్చాయి గానీ, దుకాణం బతకడానికి అవి ఆధారం కాలేదు. ఇక్కడ సేవను కాలంతో కొలుస్తారు. అవసరమైన రోజున సరుకో పనో అందించడం ఒక సగం, కొన్నవాడి చేతికి డబ్బు వచ్చే రోజు దాకా ఆగడం రెండో సగం. మొదటిదాన్ని సేవ అనీ రెండోదాన్ని ఓపిక అనీ విడివిడిగా చెప్పుకోవచ్చు గానీ, నల్లగొండ, పాలమూరు దుకాణాల్లో ఈ రెండూ ఒకే పద్దులో ఉంటాయి. ఆ పద్దు పేరు ఉద్దెర, అంటే అరువు.

ఉద్దెర ఎందుకంత బలంగా వేళ్లూనుకుందో తెలియాలంటే ఈ నేల మీద డబ్బు ఏ నెలల్లో తిరుగుతుందో చూడాలి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలాక, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు రెండు పంటల నేలగా మారాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు వరుసగా లేచాయి. ఆ పట్టణంలో బట్టల దుకాణానికైనా, ఇనుప సామాను దుకాణానికైనా ఏడాదిలో రెండుసార్లు డబ్బు ముఖం కనబడుతుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే దేవరకొండ, చందంపేట వైపు పత్తి మీద, బత్తాయి తోటల మీద, బోర్ల కింద కొద్దిపాటి వరి మీద ఆధారపడ్డ ఊళ్లలో డబ్బు పత్తి ఏరిన తరువాత, అంటే నవంబరు నుంచి సంక్రాంతి దాకా తిరిగి, ఆ తరువాత సన్నగిల్లిపోతుంది. బత్తాయి రైతుకు ధర పలికే రోజు హైదరాబాద్ పండ్ల మార్కెట్టు చేతిలో ఉంటుంది తప్ప తోట యజమాని చేతిలో ఉండదు. కాలువ కింద దుకాణదారు ఆరు నెలలు ఆగితే సరిపోతుంది, మెట్ట మీద దుకాణదారు ఏడాది ఆగాల్సి రావచ్చు, వాన తప్పితే రెండేళ్లు. ఒకే జిల్లాలో, ఒకే సరుకు అమ్మే ఇద్దరు వ్యాపారుల స్వభావాల్లో తేడా కనిపిస్తే దానికి కారణం మనుషుల్లో వెతకడం కంటే కాలువ మ్యాపులో వెతకడం మేలు.

పాలమూరులో దీనికి వలస తోడైంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గుంపు మేస్త్రీల వెంట ముంబయికీ, పుణెకూ, దేశంలో డ్యాములూ కాలువలూ తవ్వే చోటికల్లా పోయిన కూలీల వల్లనే 'పాలమూరు లేబరు' అన్న మాట పుట్టింది. జూరాల, కోయిల్‌సాగర్, తరువాత కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందిన చోట వలస తగ్గినా, నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు అది పూర్తిగా ఆగిపోలేదు. వలస పోయే కుటుంబానికి కిరాణం దుకాణం చేసే సేవ రెండు రకాలుగా ఉంటుంది. ఇంట్లో మిగిలిన ముసలివాళ్లకూ బడికి పోయే పిల్లలకూ నెలనెలా సరుకు తప్పకుండా ఇవ్వడం ఒకటి. దసరాకో, పీర్ల పండుగకో, కురుమూర్తి జాతరకో వాళ్లు తిరిగొచ్చినప్పుడు నలుగురిలో మాట పోకుండా లెక్క తేల్చుకోవడం రెండోది. ఇవ్వాల్సినవాళ్లు ఊళ్లో లేని ఎనిమిది నెలలూ ఆ దుకాణం తన హోల్‌సేల్ వ్యాపారికి మాత్రం పదిహేను రోజులకో, నెలకో కట్టుకుంటూ పోవాలి. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. బేగంబజారు నుంచి సరుకు తెల్లవారేసరికి దిగుతుంది గానీ, పంట డబ్బుకు ఆ వేగం ఉండదు.

ఈ ఓపిక ఉచితం కాదన్నది పైకి చెప్పకపోయినా ఇరువురికీ తెలిసిన సంగతే. ఒక కుటుంబం జూన్ నుంచి నవంబరు దాకా ప్రతి నెలా మొదటి వారంలో మూడు వేల రూపాయల సరుకు ఉద్దెర తీసుకుని, నవంబరు చివర పత్తి అమ్మి మొత్తం కట్టిందనుకుందాం. సరుకు విలువ పద్దెనిమిది వేలు. ఊళ్లో నడిచే, నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి (వడ్డీ) లెక్కన జూన్ సరుకు మీద ఆరు నెలలకు 360, జూలై సరుకు మీద 300, ఇలా తగ్గుతూ నవంబరు సరుకు మీద 60 రూపాయలు, అన్నీ కలిపి 1,260 రూపాయలు. సరుకు విలువలో ఇది ఏడు శాతం. నూనె, చక్కెర, పప్పు వంటి సరుకుల మీద చిల్లర దుకాణానికి మిగిలేదే అంతంతమాత్రం కాబట్టి, ఈ ఏడు శాతం దుకాణదారు జేబులోంచి పోవడం కుదరదు. అది నగదు ధరకూ ఉద్దెర ధరకూ మధ్య తేడాగా మారుతుంది. లేదంటే ప్యాకెట్టు సరుకు ఎమ్మార్పీకే పడుతుంది, విడి సరుకు కొంచెం ఎక్కువకు పడుతుంది. మిత్తి అని పేరు పెడితే అప్పు అవుతుంది, ధరలో కలిపితే మర్యాదగా ఉంటుంది. ఈ మర్యాదను మోసం అనడం తొందరపాటు. అయితే లెక్క తెలియని కొనుగోలుదారుకు అది కనబడకుండా పోవడం మాత్రం లోపమే. రెండు ధరలూ ముందే చెప్పి, 'నగదుకైతే ఇంత, పత్తి మీదైతే ఇంత' అని పద్దులో రాసే దుకాణాలకు ఈ విషయంలో మంచి పేరుంది.

అసలు చిక్కు విత్తనాలు, ఎరువులు, మందుల దుకాణంలో ఉంది. కిరాణం ఉద్దెరలో సరుకు బాగాలేకపోతే నష్టం ఒక పూట వంటతో పోతుంది. పత్తి విత్తనం మొలవకపోతే ఏడాది పోతుంది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, పంట పోయినప్పుడు వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు అతనికి ఉందని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల ఫిర్యాదుల నుంచి పుట్టిందే. కానీ ఆ హక్కు నిలబడాలంటే రైతు చేతిలో లాట్ నంబరు రాసిన బిల్లు ఉండాలి. ఉద్దెరకు ఇచ్చిన సరుకుకు బిల్లు పైకం కట్టినప్పుడే రాస్తామనే అలవాటు చాలాచోట్ల ఉంది. పైకం కట్టేది పంట అమ్మాక. పంటే రాకపోతే బిల్లూ లేదు, బిల్లు లేకపోతే సాక్ష్యమూ లేదు. దుకాణదారు చూపిన ఓపికే కొన్నవాడి హక్కుకు అడ్డుపడే వింత పరిస్థితి ఇది. దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు: 'అరువు' అని రాసి సరుకు ఇచ్చిన రోజే బిల్లు ఇవ్వవచ్చు. ఖాళీ ప్యాకెట్టు పారేయకుండా బిల్లుతో కలిపి దాచుకోమని ఒక్క మాట చెప్పడం ఏ దుకాణదారుకైనా పైసా ఖర్చు లేని సేవ.

ఇదే ఓపిక కొన్నిచోట్ల పగ్గంగా కూడా మారుతుంది. విత్తనం, ఎరువు ఉద్దెరకు ఇచ్చినవాడే పత్తి కొనే వ్యాపారి అయితే, లేదా అతనికి మార్కెట్టులోని అడ్తిదారుతో (కమీషను వ్యాపారితో) లావాదేవీ ఉంటే, పంటను ఎక్కడ అమ్మాలన్నది రైతు ఇష్టం మీద ఉండదు. కాంటా దగ్గర తరుగు, తేమ పేరుతో కోత, తక్‌పట్టీలో (అమ్మకపు లెక్క చీటీలో) పాత బాకీ పట్టుకోవడం, ఇవన్నీ జరిగాక చేతికొచ్చిన డబ్బు చూసి ధర ఎంత పలికిందో చెప్పడం రైతుకే కష్టమవుతుంది. వరి విషయంలో కొనుగోలు కేంద్రాల ద్వారా అమ్మిన ధాన్యానికి డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడటం వల్ల ఈ ముడి కొంత సడలింది. పత్తిలో భారత పత్తి సంస్థ కేంద్రం దాకా సరుకు తీసుకుపోయే ఓపిక, వాహనం కిరాయి ఉండి, తేమ శాతం భయం లేనివాళ్లకే ఆ వెసులుబాటు దొరుకుతోంది. కాబట్టి ఉద్దెర ఇచ్చే ప్రతి వ్యాపారినీ ఊరి ఉపకారిగా చూపడం సరికాదు. ఏ ఉద్దెర సేవో, ఏది వలో తేల్చడానికి ఒక ప్రశ్న చాలు: బాకీ తీర్చిన మరునాడు ఆ రైతు వేరే దుకాణానికి పోగలడా?

పద్దు పుస్తకానికి చట్టం ఇచ్చే విలువ చాలా తక్కువన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వ్యాపారపు లెక్కల పుస్తకంలోని రాత సాక్ష్యంగా పనికొస్తుంది గానీ, ఆ రాత ఒక్కదాన్ని చూపి ఎవరి మీదా బాకీ మోపలేరన్నది సాక్ష్య చట్టంలో ఎప్పటి నుంచో ఉన్న నియమం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది కొనసాగింది. అమ్మిన సరుకు పైకం కోసం దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. ఐదు వేల బాకీ కోసం కోర్టు మెట్లు ఎక్కితే వకీలు ఫీజే అంతకు మించుతుంది. అందువల్ల వసూలు అన్నది ఇక్కడ ఒక నేర్పుగా పెరిగింది. ఇంటికి పోయి పది మందిలో అడిగితే మనిషి పోతాడు, అడగకపోతే డబ్బు పోతుంది. అంగడి రోజున ఎదురైనప్పుడు బాకీ మాట ఎత్తకుండా 'పత్తి ఎన్ని క్వింటాళ్లయింది బావా' అని అడగడంలో అడగాల్సింది మొత్తం ఉంటుంది. వినేవాడికీ అది తెలుసు. పదో పరకో ఇచ్చి పద్దును కదిలిస్తాడు. పద్దు కదులుతున్నంత కాలం సరుకు ఆగదు.

పలకరింపు గురించి చెప్పాలంటే, ఈ ప్రాంతపు దుకాణాల్లో భాష కూడా సేవలో భాగమే. కర్ణాటక సరిహద్దున ఉన్న నారాయణపేటలో ఒక బట్టల దుకాణదారు ఒకే పూటలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ మాట్లాడటం ఎవరికీ విశేషంగా తోచదు. దేవరకొండలోనూ, అచ్చంపేటలోనూ తండాల నుంచి వచ్చే లంబాడీ ఆడవాళ్లతో వాళ్ల భాషలోనే బేరం చేయగలిగిన గుమాస్తాకు జీతం కొంచెం ఎక్కువ ఇచ్చి అయినా నిలుపుకుంటారు. వరుస పెట్టి పిలవడం సరేసరి. అవ్వా, బాపూ, చిన్నమ్మా అన్న పిలుపులో మర్యాదతో పాటు జ్ఞాపకం కూడా ఉంటుంది. ఎవరి బిడ్డ పెళ్లి ఏ నెలలో ఉందో, ఎవరింట్లో బీపీ వల్ల ఉప్పు తగ్గించారో తెలిసిన దుకాణానికి కంప్యూటరు చెప్పాల్సింది తక్కువ. అయితే ఈ జ్ఞాపకానికి చేదు పార్శ్వమూ ఉంది. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది కూడా అందరికీ తెలిసిపోతుంది. కొందరు కొత్త తరం కొనుగోలుదారులు ఊరి దుకాణం మానేసి పట్టణంలోని సూపర్ మార్కెట్టుకు పోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు.

ఓపికకు వేరే రూపం గద్వాలలో కనిపిస్తుంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగునూ పట్టు పోగునూ అంచు దగ్గర ఒకదానితో ఒకటి ముడిపడేలా మూడు నాడెలతో నేస్తారు. మగ్గం మీద వేగంగా సాగే పని కాదది, ఆర్డరు ఇచ్చినవాళ్లు ఆగక తప్పదు. ఇక్కడ ఆగేది కొనేవాళ్లు, ఆపేవాడు అమ్మేవాడు; కాబట్టి సేవ అంతా నిజం చెప్పడంలోకి వచ్చి చేరుతుంది. పెళ్లికి ఇరవై రోజులుందనగా 'అయిపోతుంది' అని బయానా పుచ్చుకుని, చివరకు మరమగ్గం చీర చేతిలో పెట్టే దుకాణం ఒకటుంటే, 'కొత్తది నేయించడం కుదరదు, ఉన్నవాటిలో చూసుకోండి' అని గిరాకిని వదులుకునే దుకాణం ఇంకొకటి ఉంటుంది. కొన్ని రకాల బట్టలను చేనేతకే ప్రత్యేకించిన చట్టం 1985లోనే వచ్చింది, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి నేతలకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. అయినా గల్లాపెట్టె దగ్గర నిలబడ్డ మనిషికి తేడా తెలియజెప్పేది దుకాణదారే. నేసేటప్పుడు బట్ట వెడల్పును బిగువుగా పట్టి ఉంచే బద్ద మొనలు రెండు అంచుల పొడవునా సన్నటి చిల్లులు వదులుతాయి, చీర తిరగేసి చూపితే అవి కంటికి కనబడతాయి. అడగకుండానే చీర తిరగేసి చూపే సేల్స్‌మన్ ఉన్న దుకాణంలో ఇక బేరం ఎక్కువసేపు నడవదు. ఎర్ర అంచు రంగు తెల్ల ఒంటికి అంటుకునే ప్రమాదం ఉందని, మొదటిసారి ఇంట్లో తడపవద్దని అమ్మేటప్పుడే చెప్పడమూ ఆ కోవలోదే.

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు మాత్రం నల్లగొండ ప్రకాశం బజారు నుంచి మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా దాకా ఏ పట్టణ బజారులో తిరిగినా కనబడేదే. 2020 జూలై 20 నుంచి అమలవుతున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము కూడా లేదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసినా ఫిర్యాదు నమోదవుతుంది. ఇంత ఉన్నా ఆ బోర్డు ఎందుకు నిలిచిందంటే, చిన్న దుకాణదారు వాపసు తీసుకున్న మిక్సీని పై డీలరు తీసుకుంటాడన్న నమ్మకం అతనికి లేదు. సర్వీసు సెంటరుకు పొమ్మంటే అది హైదరాబాద్‌లో ఉంటుంది. ఆచరణలో జరిగేది బోర్డుకూ చట్టానికీ మధ్యన ఎక్కడో ఉంటుంది: తెలిసినవాడికి మారుస్తారు, తెలియనివాడికి బోర్డు చూపిస్తారు. ఈ పద్ధతి తెలిసినవాళ్లకు సుఖంగానే ఉంటుంది గానీ, వ్యాపారాన్ని ఊరు దాటి పెరగనివ్వదు. అపరిచితుడికి బోర్డు చూపించిన దుకాణానికి ఆ అపరిచితుడు ఫోనులో ఒకటో రెండో నక్షత్రాలు ఇచ్చి పోతాడు, జడ్చర్ల మీదుగా బెంగళూరుకు, నార్కట్‌పల్లి మీదుగా విజయవాడకు పోయే రహదారుల పక్కన ఉన్న దుకాణాలకూ హోటళ్లకూ ఈ సంగతి ముందుగా అర్థమైంది.

2016 నుంచి వచ్చిన మార్పులు ఈ వ్యవస్థను కదిలించాయి గానీ కూల్చలేదు. పెద్దనోట్ల రద్దు, తరువాతి ఏడాది జూలైలో జీఎస్టీ వచ్చాయి, వాటితో పాటే యూపీఐ వాడకం పెరిగింది. 'ఫోన్‌పే కొడతా' అన్నది ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా వినబడే మాట, చిల్లరకు బదులు చాక్లెట్టు చేతిలో పెట్టే అలవాటు దాంతో దాదాపు పోయింది. కానీ డబ్బు పంపే తీరు మారినంత మాత్రాన డబ్బు వచ్చే నెల మారదు కదా. అందుకే గోడ మీద క్యూఆర్ కోడు, దాని కిందే డెస్కు మీద ఎర్ర అట్ట పద్దు పుస్తకం పక్కపక్కనే ఉంటున్నాయి. పట్టణాలకు వచ్చిన పెద్ద మార్టులు నగదు గిరాకిని లాగేసుకోవడంతో ఊరి దుకాణానికి ఉద్దెర గిరాకే ఎక్కువగా మిగులుతోంది. జీతం వచ్చిన ఒకటో తారీఖున మార్టుకూ, ఇరవయ్యో తారీఖున ఊరి దుకాణానికీ పోయే ఇళ్లు తక్కువేమీ లేవు. ఊరి వ్యాపారికి నిజంగా మింగుడుపడని పోటీ ఇదే.

2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చి ముంబయి, పుణెల నుంచి కూలీలు తిరిగొచ్చినప్పుడు ఈ ఉద్దెరకు పెద్ద పరీక్ష ఎదురైంది. చేతిలో డబ్బు లేదు, వచ్చే దారీ కనబడదు, పైగా హోల్‌సేల్‌లో నగదు పెడితే తప్ప సరుకు దొరకని పరిస్థితి. అలాంటప్పుడు దుకాణాలు బియ్యం, పప్పు, నూనె, సబ్బుకే ఉద్దెరను కుదించి, మిగతా వాటికి నగదు అడగడం వివేకమైన పని. అడిగినవన్నీ ఇచ్చిన దుకాణం తానే మునిగిపోతుంది, అసలేమీ ఇవ్వని దుకాణం ఆ తరువాత ఊళ్లో మాట దక్కించుకోలేదు. ఓపికకు హద్దు గీయడం కూడా సేవలో భాగమేనన్నది ఇలాంటి కాలంలోనే తెలుస్తుంది.

ఈ ఓపిక వెనుక లెక్కలోకి రాని శ్రమ చాలా ఉంది. పొద్దున ఆరింటికి పాల ప్యాకెట్లతో తెరిచి రాత్రి పదింటికి షట్టరు దించే కిరాణంలో, మధ్యాహ్నం మూడు గంటలు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఇంటి ఆడమనిషి. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఆపాలన్న నిర్ణయాల్లో ఆమె మాటకు ఎంత బరువుంటుందో అలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లకు తెలుసు. ఆమెకు జీతం వేసి చూస్తే సగం దుకాణాలు నష్టంలో తేలతాయి. పిల్లలు ఇంజినీరింగు చదివి హైదరాబాద్‌కు పోతున్నారు. తిరిగొచ్చి దుకాణం చూసుకునే కొద్దిమందిలోనూ ఎక్కువమందికి నచ్చనిది ఈ ఉద్దెర వ్యవహారమే. తండ్రి నోటి లెక్కగా నడిపినదాన్ని ఫోనులోని ఖాతా యాప్‌లోకి ఎక్కించి, గడువు దాటగానే సందేశం పోయేలా పెట్టిన కొడుకు, మూడు నెలల్లోనే ఆ సందేశాన్ని ఆపేసుకోవలసి వస్తుంది. 'మీ బాకీ రూ. 4,350' అని యంత్రం అడిగేసరికి ఏళ్ల తరబడి వచ్చే గిరాకి మొహం చాటేస్తుంది. యాప్ తప్పు అందులో ఏమీ లేదు, పత్తి ఇంకా చేనులోనే ఉంది.

దీపావళికి కొందరు, ఉగాదికి కొందరు, ఏప్రిల్ ఒకటిన మరికొందరు కొత్త పుస్తకం తెరుస్తారు. పసుపు కుంకుమ పెట్టి, పైన 'శ్రీ' రాసి, మొదటి పుటలు ఖాళీగా వదలకుండా పాత పుస్తకంలో తేలని పేర్లను వరుసగా దించుకుంటారు. ఊరు, ఇంటిపేరు, పేరు, ఎదురుగా 'పాతబాకీ' అని అంకె. రెండు పుస్తకాలు దాటి మూడో పుస్తకంలోకి వచ్చిన పేర్ల దగ్గర కలం కాసేపు ఆగుతుంది. వాటిలో కొన్ని దించుకోకుండా వదిలేస్తారు, మనిషి చనిపోయి ఉంటాడు, లేదా ఇల్లు తాళం పడి ఉంటుంది. మిగిలినవి మళ్లీ రాస్తారు, ఆ కింది గీత నుంచి కొత్త సరుకు మొదలవుతుంది.